అమ్మకానికి ముస్తాబైన ఇల్లు: సియాటిల్ శివారు నుంచి ఉత్తరం

బాతెల్, వాషింగ్టన్ రాష్ట్రం,
2026 మే.

చెల్లీ,

ఇక్కడి చలికి మీ బావగారి మోకాలి నొప్పి కాస్త ఎక్కువైంది. అది తప్ప అందరం క్షేమం.

కాకినాడ ఫ్లాటు అమ్మేసి హైదరాబాదులో పిల్లాడి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటున్నామని రాశావు. ఆ మాట చదవగానే నీకు ఇక్కడి సంగతి వివరంగా రాయాలనిపించింది. మన అమ్మాయి వాళ్ళు కూడా ఇల్లు అమ్మకానికి పెట్టారు. అల్లుడి ఉద్యోగం డాలస్‌కి మారింది. మేమిక్కడికి వచ్చాక, ఈ ప్రాంతంలో వింతలని అందరూ చెప్పేవన్నీ మాకూ చూపించారు. రైనియర్ మంచుకొండ చూశాం, స్పేస్ నీడిల్ ఎక్కాం, ఎవరెట్‌లో బోయింగ్ వాళ్ళు విమానాలు తయారుచేసే చోటూ చూశాం. వాటి గురించి రాసినవాళ్ళు కొల్లలు. ఇక్కడివాళ్ళు ఇంటిని అమ్మకానికి ఎలా సిద్ధం చేస్తారో మాత్రం మనవాళ్ళెవరూ రాయగా నేను చదవలేదు. నన్నడిగితే అన్నిటికంటే అదే పెద్ద వింత.

ఇల్లు అమ్మదలచుకున్నవాళ్ళు ఆ ఇంట్లోనే కాపురం ఉంటూ, తాము అక్కడ ఉన్న జాడ కనబడకుండా చేసుకుంటారు. గోడమీది పెళ్ళిఫొటో దిగుతుంది. ఫ్రిజ్ తలుపుకి అంటించిన పిల్లల బొమ్మలు పోతాయి. టూత్‌బ్రష్‌లు కూడా బుట్టలో వేసి సింకు కింద పెట్టేస్తారు. చూడవచ్చినవాళ్ళకి ఫలానావాళ్ళ ఇంటికి వచ్చామని అనిపించకూడదు. మన సోఫా ఇక్కడ వేసుకోవచ్చు, మన పిల్ల ఈ కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటుంది అనుకోవాలి. దీన్ని స్టేజింగ్ అంటారు.

ఇది పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే. లేక్ వాషింగ్టన్ అని పెద్ద సరస్సు ఉంది. దాని ఉత్తరపు కొసకి దగ్గర్లో మేమున్న బాతెల్, తూర్పు ఒడ్డున బెల్‌వ్యూ. మన తెలుగు పిల్లలు బోలెడుమంది ఉన్న ఊరది. అక్కడ ఇళ్ళ అమ్మకాల ఏజెంటుగా ఉన్న బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ 1972లో, ఇంటిని చక్కగా సర్దించి ఆ తరవాతే జనానికి చూపించడం మొదలుపెట్టారు. ఆ పద్ధతే దేశమంతా పాకి, ఇప్పుడు చదువూ సర్టిఫికెట్టూ ఉన్న వృత్తి అయింది. ఈ పని చేసే సంస్థలకి గోదాముల నిండా సోఫాలు, మంచాలు, దీపాలు, గోడబొమ్మలు ఉంటాయి. ఖాళీ ఇల్లయితే లారీలో సామానంతా తెచ్చి సర్ది, ఇల్లు అమ్ముడయ్యాక తీసుకుపోతారు. మనుషులెవరూ లేని ఇంట్లో భోజనాల బల్లమీద నలుగురికి పళ్ళేలు వేసి ఉండటం నేను కళ్ళారా చూశాను.

ఇది ఉత్త షోకు అనుకోకు. ఇక్కడి ఏజెంట్ల జాతీయ సంఘం 2025లో చేసిన సర్వేలో, కొనేవాళ్ళ తరఫు ఏజెంట్లలో నూటికి 83 మంది, ఇలా సర్దిన ఇల్లయితే అందులో తాము ఉంటున్నట్టు ఊహించుకోవడం కొనేవాళ్ళకి తేలికవుతుందని చెప్పారు. ఏ గది సర్దడం అన్నిటికంటే ముఖ్యం అంటే హాలు అన్నవాళ్ళు 37 శాతం, మాస్టర్ బెడ్‌రూమ్ అన్నవాళ్ళు 34 శాతం, వంటిల్లు అన్నవాళ్ళు 23 శాతం. వంటింటికి మూడో స్థానం అని చదివి నేను ఆశ్చర్యపోయాను. సంస్థకి అప్పగిస్తే అయ్యే ఖర్చు, మధ్యరకం లెక్కన, 1,500 డాలర్లని అదే సర్వే చెప్పింది. సియాటిల్ వైపు ధరలు వేరు. మన అమ్మాయి వాళ్ళ నాలుగు పడకగదుల ఇంటికి ఒక సంస్థ చెప్పిన అంచనా నాలుగు వేల డాలర్లకి పైమాటే. డాలస్‌లో కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టి ఉన్నారేమో, అంత పెట్టే స్తోమత వాళ్ళకి లేదు. అంతా కలిపి 800 డాలర్లు దాటకూడదని గిరి గీసుకున్నారు. నేను నీకు చెప్పదలచుకున్నది ఆ 800 డాలర్ల కథే.

మొదటి ఖర్చు పెద్దదే. స్టేజింగ్ తెలిసిన ఒకావిడని గంటల లెక్కన పిలిపించి 250 డాలర్లిచ్చారు. ఆవిడ సామాను తేలేదు, సలహా మాత్రం ఇచ్చింది. ఆ 250 మిగిల్చి ఉంటే తక్కిన డబ్బు వృథా అయ్యేదని నా నమ్మకం. ఆవిడ చేసిన మొదటి పని ఏమిటో చెబుతాను విను. గుమ్మంలో నిలబడి ఫోనుతో హాలు ఫొటో తీసి అమ్మాయికి చూపించింది. రోజూ తిరిగే హాలే, ఫొటోలో చూస్తే టీవీ కింద వేలాడుతున్న వైర్ల గుత్తి, సోఫా వెనక చీపురు, గోడమీద పిల్లాడి చేతిముద్రలు, ఒకదానికొకటి పొంతన లేని మూడు రకాల దీపాల వెలుతురు, అన్నీ బయటపడ్డాయి. కంటికి అలవాటైపోయినవి కెమెరాకి అలవాటు కావు. ఇలా ప్రతిగదీ ఫొటో తీసి, వాటిని చూస్తూనే ఏమేం చేయాలో జాబితా రాసిచ్చింది. నువ్వు ముందుగా చేయవలసిందీ ఇదే. పైసా ఖర్చు లేదు.

జాబితాలో మూడువంతులు తీసేయవలసినవే. కొనవలసినవి నాలుగో ఐదో. తీయవలసినవేమంటే, పుస్తకాల అరలో సగం పుస్తకాలు, బీరువాల్లో సగం బట్టలు, వంటింటి గట్టుమీద గ్రైండరూ మిక్సీ రైస్‌కుక్కరూ, సామానుగదిలో బియ్యం బస్తాలు. బీరువాలో బట్టలు ఎందుకమ్మా తీయడం అని నేనడిగితే, కొనేవాళ్ళు బీరువాలు తెరిచి చూస్తారని చెప్పింది. ఇక్కడ అది తప్పు కాదు. ప్రతి తలుపూ తీస్తారు, ప్రతి సొరుగూ లాగుతారు. బీరువా కిక్కిరిసి ఉంటే ఈ ఇంట్లో చోటు చాలదని మనసులో పడిపోతుందట. సగం ఖాళీగా ఉంటే అదే బీరువా విశాలంగా కనబడుతుంది.

తీసినదంతా ఎక్కడ పెట్టాలి? నెలకి ఇంతని అద్దె తీసుకునే స్టోరేజి గదులు ఊరంతా ఉన్నాయి. ఆ ఖర్చు కూడా వద్దనుకుని, డాలస్‌కి వచ్చేవి పెట్టెల్లో కట్టి గరాజ్‌లో ఒక గోడవారగా పేర్చారు. అక్కర్లేనివి ఇచ్చేశారు. ఇక్కడ ఒక అద్భుతమైన ఏర్పాటుంది. సియాటిల్‌కి ఎదురుగా సముద్రపు పాయ అవతల బెయిన్‌బ్రిడ్జ్ అనే దీవి ఉంది. 2013లో అక్కడ రెబెకా రాక్‌ఫెల్లర్, లీసెల్ క్లార్క్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు "బై నథింగ్" అనే బృందం మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తమకి అక్కర్లేనివి అవసరమైనవాళ్ళకి ఊరికే ఇస్తారు. డబ్బు మాటగానీ, మారుబేరంగానీ ఉండకూడదు. ఇప్పుడది ఎన్నో దేశాలకి పాకింది. అమ్మాయి తన వ్యాయామం యంత్రమూ, పిల్లాడి పాత మంచమూ అందులో ఇచ్చేసింది. ఇల్లు అమ్మేదాకా ఒక పెద్ద గుండ్రటి అద్దం, రెండు బల్లదీపాలు ఎవరైనా ఎరువిస్తారా అని అడిగితే సాయంత్రానికల్లా వచ్చాయి. అద్దం తెచ్చినావిడ ముక్కూమొహం మాకు అంతకు ముందు తెలియవు. కారులోంచి తానే మోసుకొచ్చి, గోడకి ఎంత ఎత్తున పెడితే కిటికీ వెలుతురు అందులో పడుతుందో కూడా చూపించి వెళ్ళింది. ఇరుగుపొరుగు పలకరింపులే ఉండవని ఈ దేశం గురించి మనం చెప్పుకునే మాట ఇకమీద నా ఎదుట ఎవరూ అనకూడదు.

కొందరు దుకాణంలో దీపాలూ దుప్పట్లూ కొని, ఇల్లు అమ్ముడయ్యాక వాపసు ఇచ్చేసి డబ్బు తీసుకుంటారట. ఇక్కడ వాపసు సులువు కాబట్టి జరిగిపోతుంది. వాడుకున్న వస్తువు వాడలేదని వెనక్కివ్వడం నాకు నచ్చదు. అమ్మాయీ ఆ పని చేయనంది, నా మనసు నిండింది.

ఇక శుభ్రం. బాత్‌టబ్ అంచున, గోడ పలకలకీ తొట్టికీ మధ్య సిలికాన్ పూసి ఉంటుంది. ఏళ్ళు గడిచేసరికి అది నల్లబూజు పట్టి, స్నానాలగది అంతటినీ పాతదనిపిస్తుంది. అల్లుడు ఒక ప్లాస్టిక్ గీకుడుముక్కతో పాతదంతా పొడవాటి తీగలుగా లాగేశాడు. ఆ గాడిని స్పిరిటు గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. గాడికి పైనా కిందా కాగితపు టేపు తిన్నగా అంటించాడు. కొత్త సిలికాన్ గొట్టం ముక్కుని ఏటవాలుగా కోసి, చేయి ఎక్కడా ఆపకుండా ఒకే జోరున కొసదాకా పిండుకుంటూ వెళ్ళాడు. తడివేలితో ఒక్కసారి దాన్ని నున్నగా రాసి, అది బిగుసుకోకముందే టేపు ఊడబెరికాడు. గీత గీసినట్టు తెల్లటి అంచు మిగిలింది. ఒక రోజంతా తడి తగలనివ్వలేదు. ఆ గొట్టం ఖరీదు పది డాలర్లలోపు. పదిహేనేళ్ళ స్నానాలగది ముందురోజు కట్టినట్టు కనబడింది.

వంటిల్లు మన చేతికి అలవాటైనది కాబట్టి నేనే పట్టాను. ఇక్కడి చాలా ఇళ్ళలో పొయ్యిమీది ఫ్యాను పొగని బయటికి పంపదు, బొగ్గు వడపోతలోంచి లాగి మళ్ళీ గదిలోకే వదులుతుంది. మన తాలింపులకి అది చాలదు. ఆవిరిలో లేచిన నూనె అరల తలుపుల మీద సన్నని జిగురుపొరగా దిగుతుంది, దానిమీద దుమ్ము, దానిమీద పసుపు. ఫ్యాను కింది జల్లెడరేకులు తీసి సింకులో మరుగునీళ్ళు, తినేసోడా, గిన్నెల సబ్బు వేసి నానబెడితే అరగంటకల్లా నీళ్ళు ముదురు గోధుమరంగుకి తిరిగాయి. బొగ్గు వడపోత కొత్తది వేశాం. తెల్లటి ప్లాస్టిక్ పలకలమీద పసుపు మరకలకి ఎండే మందు. సబ్బుకి లొంగనిది, ఇక్కడ అపురూపంగా కాసే ఎండలో పెరటి చెక్క అరుగుమీద పెడితే సాయంత్రానికి వెలిసిపోయింది. పసుపులోని రంగుకి ఎండ గిట్టదు.

వాసన సంగతి ఇంకా ఉంది. తివాచీ, కర్టెన్లు వాసన పట్టి ఉంచుతాయి. మనకి తెలియదు గానీ బయటనుంచి అడుగుపెట్టినవాళ్ళకి ఇంగువ ముందు పలకరిస్తుంది. తివాచీలని ఆవిరిపెట్టి కడిగించడానికి 160 డాలర్లయింది. కర్టెన్లు ఇంట్లోనే ఉతికాం. ఆ తరవాత ఇల్లు చూపించినన్నాళ్ళూ తాలింపు పొయ్యి పెరట్లోకి వెళ్ళింది. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి గరాజ్‌లోనో పెరట్లోనో రెండో పొయ్యి ఉండనే ఉంటుంది. మన వంటని తక్కువ చేసినట్టు ఉందని నాకు మొదట్లో మనసు చివుక్కుమంది. సలహా చెప్పినావిడ అందరికీ అదే చెబుతుందట. చేపలు వేయించేవాళ్ళకి, కుక్కలున్నవాళ్ళకి, అగరుబత్తి లాంటి సువాసనలు వెలిగించేవాళ్ళకి కూడా. ఏ వాసనా లేని ఇల్లే మంచి ఇల్లని ఆవిడ మాట.

రంగుకి పెద్దగా ఖర్చు కాలేదు. భోజనాలగదిలో ఒక గోడ ఎర్రగా, పిల్లాడి గది ఊదాగా ఉండేవి. ఒక గ్యాలన్ రంగు 350 నుంచి 400 చదరపు అడుగుల దాకా వస్తుంది. వెచ్చటి తెలుపు రెండు గ్యాలన్లు తెచ్చి, మేకుల కంతలు పూడ్చి, గరుకుకాగితంతో రుద్ది, స్నేహితులు నలుగురొచ్చి శని ఆదివారాల్లో వేసేశారు. వీధితలుపుకి చిన్న డబ్బా నల్లరంగు. 2018లో జిల్లో అనే ఇళ్ళ అమ్మకాల సంస్థ, నల్లని వీధితలుపున్న ఇళ్ళు అనుకున్న ధరకంటే 6,271 డాలర్లు ఎక్కువకి పోయాయని లెక్క తీసింది. అల్లుడు దాన్ని నమ్మి నలుపు వేశాడు. తలుపుకి శ్రద్ధగా నల్లరంగు వేయించుకున్నవాళ్ళు తక్కిన ఇంటినీ శ్రద్ధగానే పెట్టుకుని ఉంటారని నాకనిపించింది. ఏమైతేనేం, తలుపు అందంగా ఉంది.

వెలుతురు దగ్గర మాత్రం నేను చాలా నేర్చుకున్నాను. ఇది మబ్బుల దేశం. చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఇంటి చుట్టూ ఎత్తైన దేవదారు జాతి చెట్లు. బల్బులన్నీ తీసి ఒకే రకం పసుపుతెలుపువి, 2,700 కెల్విన్లవి, వేశారు. గదికో రంగు వెలుతురు ఉంటే కన్ను తడబడుతుంది. కిటికీ అద్దాలు లోపలా బయటా కడిగి, వీధివైపు కిటికీల దోమతెరలు ఊడదీసి గరాజ్‌లో దాచారు. తెర తీశాక గదిలోకి వచ్చిన వెలుతురు చూసి మీ బావగారు దీపం ఎవరు వేశారని అడిగారు! పైసా ఖర్చు లేని పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. బయట కప్పుమీద నాచు గీకించారు, కాలిబాటని పక్కింటాయన యంత్రం ఎరువు తెచ్చి నీటి ధాటితో కడిగారు, మొక్కల మొదట్లో చెట్టుబెరడు పొడి పోశారు. ఈ నెలలో రోడోడెండ్రాన్ పొదలు గులాబీరంగు గుత్తులతో విరగబూస్తాయి. ఈ రాష్ట్రపు పువ్వే అది. ఆ ముస్తాబు దేవుడే చేశాడు.

దేవుడంటే గుర్తొచ్చింది. మేడమీద ఒక చిన్న బీరువా గదిని అమ్మాయి పూజగది చేసుకుంది. వేంకటేశ్వరస్వామి పటం, వెండి కుందులు. సలహా చెప్పినావిడ తీయమని ఖచ్చితంగా చెప్పలేదు, మీ ఇష్టం అంది. ఏ మతపు గుర్తులైనా సరే, ఇంట్లోవాళ్ళెవరో చెప్పే గుర్తులేవైనా సరే తీయడం మేలని ఇక్కడి ఏజెంట్ల సాధారణ సలహా. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు అమ్మకపోవడం, కొననివ్వకపోవడం కూడదని 1968లోనే ఇక్కడ చట్టం వచ్చింది. పక్కనున్న ఆరెగాన్ రాష్ట్రం 2021లో ఇంకో అడుగు వేసింది. కొనేవాళ్ళు తమ కుటుంబం గురించి అమ్మేవాళ్ళకి ప్రేమగా ఉత్తరాలు రాసి పంపడం కూడా వద్దని చట్టం చేసింది. వాక్‌స్వాతంత్ర్యానికి అడ్డమని మరుసటి ఏడు కోర్టు దాన్ని ఆపేసింది.

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఈ చుట్టుపక్కల ఇళ్ళు కొనేవాళ్ళలో మనవాళ్ళు ఎందరో. పూజగది ఉంటే వాళ్ళకి నచ్చుతుంది కదా అని అల్లుడి వాదన. చివరికి స్వామిని మంగళవారం కాకుండా మంచిరోజు చూసి స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్ళాం. దీపారాధన అక్కడికే వెళ్ళి చేసుకున్నాం. ఆ చిన్నగదిని తెల్లగా రంగువేసి, పైన ఒక బల్బు వెలిగించి, ఖాళీగా ఉంచారు. చూడవచ్చినవాళ్ళలో ఒకావిడ దుప్పట్ల గది అంది. ఒక తెలుగు జంట లోపలికి తొంగిచూసి, ఏ దిక్కు అని ఫోనులో దిక్సూచి తీసి చూసుకున్నారని తరవాత ఏజెంటు చెప్పింది. ఖాళీ చోటులో ఎవరికి కావలసింది వాళ్ళకి కనబడింది. ఇల్లు ఉత్తరముఖం. మనవాళ్ళు మొదట అడిగేది అదేనని ఇక్కడి ఏజెంట్లందరికీ ఇప్పుడు తెలుసు.

మనకి వాస్తు ఉన్నట్టే వాళ్ళకీ నమ్మకాలున్నాయి. ఎదురింటి ముసలావిడ కేథలిక్కు. ఒకరోజు సాయంత్రం వచ్చి, సెయింట్ జోసెఫ్ చిన్న ప్లాస్టిక్ బొమ్మని పెరట్లో తలకిందులుగా పాతితే ఇల్లు త్వరగా అమ్ముడవుతుందని చెప్పింది. బొమ్మా, ప్రార్థన చీటీ కలిపి పెట్టెల్లో అమ్ముతారు. అమ్ముడయ్యాక బొమ్మని తవ్వి తీసి కొత్త ఇంట్లో గౌరవంగా పెట్టుకోవాలి. అది మాత్రం మరిచిపోకూడదట. ఆవిడ తన భర్తతో కలిసి మొదటి ఇల్లు అమ్మినప్పటి బొమ్మ ఇప్పటికీ వంటింటి కిటికీలో ఉందని చూపించింది. ఇల్లు వదలడం ఏ దేశంలోనైనా తేలిక కాదని నాకు ఆవిడ దగ్గర అర్థమైంది.

ఫొటోలు ఏజెంటే తీయించింది. ఇక్కడ కొనేవాళ్ళు ముందు ఫోనులో ఫొటోలు చూసి, నచ్చితేనే ఇంటికి వస్తారు. అందుకే కష్టమంతా ఆ ఒక్క ఉదయం కోసమే. కర్టెన్లు పక్కకి, దీపాలన్నీ వెలిగించి, కమోడ్ మూతలు దించి, చెత్తబుట్టలు దాచి, తెల్లటి తువాళ్ళు మడతపెట్టి తగిలించారు. మా బడికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చే రోజు హడావుడి గుర్తొచ్చింది. ఈమధ్య ఖాళీగది ఫొటోలో కంప్యూటరుతో సోఫాలూ మంచాలూ గీసి చూపించేస్తున్నారు. చవక, కొద్ది డాలర్లలో అయిపోతుంది. కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి, ఫొటోని అలా మారిస్తే మార్చామని చెప్పి తీరాలని చట్టం వచ్చింది. మంచిపని చేశారు. లేని మంచాన్ని గీయడం వరకూ పరవాలేదేమో గానీ, గోడమీది మరకని, కిటికీలోంచి కనబడే కరెంటు స్తంభాన్ని చెరిపేయడం మోసమే.

ముస్తాబు వేరు, దాపరికం వేరు. ఈ రాష్ట్రంలో అమ్మేవాళ్ళు ఫారం 17 అనే పత్రం నింపి కొనేవాళ్ళకి ఇవ్వాలి. కప్పు కారుతుందా, ఇంటి కింద నీళ్ళు చేరతాయా, మురుగునీటి గొట్టాలు ఎలా ఉన్నాయి, హద్దుల తగాదా ఏమైనా ఉందా అని పేజీల కొద్దీ ప్రశ్నలు. తెలిసినది తెలిసినట్టు రాయాలి. అది అందుకున్నాక మూడు పనిదినాల్లోగా కొనేవాళ్ళు వద్దనుకుంటే మానుకోవచ్చు. ఒక పడకగది కిటికీ కింద రెండేళ్ళ కిందట నీరు కారిన సంగతి, దాన్ని బాగు చేయించిన బిల్లుతో సహా అల్లుడు రాసిచ్చాడు. నా కంటికి ఈ తతంగం మొత్తంలో గౌరవించదగ్గది ఆ కాగితమే.

గురువారం ఇల్లు అమ్మకానికని జాబితాలో పెట్టి, శని ఆదివారాలు తలుపులు తెరిచి, మంగళవారం ధరలు చూడటం ఇక్కడి రివాజు. ఆ రోజులన్నీ మాకు ఇల్లు లేనట్టే. వీధితలుపుకి తాళంపెట్టె తగిలిస్తారు. ఏజెంట్లు దాన్ని ఫోనుతో తెరిచి తాళంచెవి తీసుకుంటారు. ఎవరైనా చూస్తామంటే ఇంట్లోవాళ్ళు బయటికి వెళ్ళిపోవాలి. యజమాని ఎదురుగా ఉంటే కొనేవాళ్ళు మనసువిప్పి మాట్లాడుకోలేరు. తడి తువాళ్ళు కారు డిక్కీలో పడేసి, పిల్లాణ్ణీ పెరుగన్నం డబ్బానీ తీసుకుని పార్కులోనూ లైబ్రరీలోనూ కూర్చున్నాం. మీ బావగారికి అదే బాగుంది, తెలుగు పుస్తకాలు దొరికాయి.

మూడు ఆఫర్లు వచ్చాయి. ఒకటి అడిగిన ధరకి కాస్త పైన. దాన్నే ఒప్పుకున్నారు. ముస్తాబు వల్ల ఎంత కలిసొచ్చిందో చెప్పలేను. ఒకే ఇంటిని ముస్తాబుతో ఒకసారి, లేకుండా ఒకసారి అమ్మి చూడలేం కదా. ఖర్చు మాత్రం 780 డాలర్ల దగ్గర ఆగింది. సలహాకీ, తివాచీలకీ పోగా మిగిలినది రంగులు, సిలికాన్, బల్బులు, తువాళ్ళు, బెరడుపొడి, గుమ్మం దగ్గర రెండు పూలకుండీలు. అన్నిటికంటే ఎక్కువ ఖర్చయింది మనుషుల రెక్కల కష్టం.

ఇక మీ ఫ్లాటు. మన దగ్గర కొనేవాళ్ళు గజాలు, స్థలంలో వాటా, పార్కింగు, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, బోరునీళ్ళు చూస్తారు, తలగడలకి ఎవరూ డబ్బివ్వరు. మంచాలూ పూలకుండీలూ వదిలెయ్. స్నానాలగది గోడకి అవతల హాల్లో చెమ్మ మరక ఉందని నువ్వే చెప్పావు. దానిమీద రంగు వేయించి దాచమని బ్రోకరు చెబితే వినకు. ముందు లీకు ఎక్కడో చూపించి కట్టించండి, ఆరనివ్వండి, అప్పుడు సున్నం. చూడవచ్చినవాళ్ళకి ఇదీ సంగతని మరిదిగారు చెప్పేస్తే సరి. అటకమీది ఇత్తడి సామాను పిల్లాడికి కావాలో వద్దో ఇప్పుడే అడుగు. బాల్కనీలో పాత కూలరు, సైకిలు తీయించు, ఆ బాల్కనీ వెలుతురే మీ ఇంటికి అందం. ట్యూబులైట్లు ఒకే రంగువి వేయించు. బ్రోకరుకి మధ్యాహ్నం కరెంటు పోయే వేళ కాకుండా పొద్దున తొమ్మిదికి రమ్మని చెప్పు. అప్పుడు తూర్పు కిటికీలోంచి ఎండ హాలు సగందాకా వస్తుంది.

గుమ్మంలో నిలబడి ప్రతిగదీ ఫొటో తీసి నాకు పంపించు. ముందు ఏమీ సర్దకుండా, ఉన్నది ఉన్నట్టు తియ్యి. అమ్మాయీ నేనూ కూర్చుని చూసి ఏం తీయాలో రాసి పంపుతాం. మరిదిగారికి మీ బావగారి నమస్కారాలు చెప్పు. జూన్ రెండోవారంలో డాలస్ చేరతాం, అక్కడి చిరునామా మళ్ళీ రాస్తాను.

మీ అక్క